మలయాళీల పండుగలు: ఓనం నుంచి విషు దాకా.. ఏది ఎప్పుడు? వరి పొలంతో లింకేంటి?

కేరళ పండుగ అనగానే మనకు గుర్తొచ్చేవి పూల ముగ్గు, తెల్ల చీర, అరిటాకు భోజనం, పాము పడవలు. వీడియోల్లో చూసేదంతా ఇదే. కానీ మలయాళీల పండుగలన్నీ వరుసగా పెట్టి చూస్తే ఇంకో విషయం కనిపిస్తుంది. ఏ నెలలో విత్తాలి, ఏ నెలలో కోయాలి, ఎప్పుడు నేలను ముట్టుకోకూడదు, ఎప్పుడు గాదె ఖాళీ అవుతుంది.. ఇదంతా ఆ పండుగల్లోనే ఉంది. మరి ఇప్పుడు కేరళలో వరి పొలాలు బాగా తగ్గిపోయాయి కదా? పండుగకు బియ్యం, పూలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నెలల వారీగా చూద్దాం.

ముందు క్యాలెండర్ సంగతి

మనది చాంద్రమానం. చైత్రం, వైశాఖం అంటూ చంద్రుడిని బట్టి నెలలు లెక్కపెడతాం. మలయాళీలది సౌరమానం. సూర్యుడు ఏ రాశిలో ఉంటే ఆ నెలకు ఆ పేరు. వాళ్ల క్యాలెండర్ పేరు కొల్లవర్షం. ఇది క్రీ.శ. 825లో మొదలైంది. 2024 ఆగస్టు 17న కొల్లవర్షం 1200లోకి అడుగుపెట్టింది.

ఏడాది చింగంతో (సింహ రాశి) మొదలవుతుంది. తర్వాత కన్ని, తులాం, వృశ్చికం, ధను, మకరం, కుంభం, మీనం, మేడం, ఎడవం, మిథునం, చివరగా కర్కిటకం. ఆగస్టు మధ్యలో వచ్చే చింగం 1వ తేదీని కేరళలో రైతు దినోత్సవంగా కూడా జరుపుతారు. కొత్త సంవత్సరం, రైతుల రోజు రెండూ ఒకటే అన్నమాట.

వానలకు కూడా నెలల పేర్లే ఉన్నాయి. జూన్ మొదట్లో వచ్చే నైరుతి వానను 'ఎడవప్పాది' అంటారు. అంటే ఎడవం నెల సగంలో వచ్చేది. అక్టోబర్, నవంబర్‌లో పడే ఈశాన్య వాన 'తులావర్షం'.

వరికి మూడు కార్లు. తొలి పంట విరిప్పు ఆగస్టు, సెప్టెంబర్‌లో కోతకొస్తుంది. రెండో పంట ముండకన్ కోత డిసెంబర్, జనవరి ప్రాంతంలో. మూడోది ఎండాకాలం పంట పుంజ, మార్చి, ఏప్రిల్‌లో. ఈ మూడు గుర్తుంటే చాలు, పండుగలు ఎందుకు అప్పుడే వస్తాయో తేలిగ్గా అర్థమవుతుంది.

కర్కిటకం.. గాదెలు ఖాళీ అయ్యే నెల

ఓనం కంటే ముందు కర్కిటకం గురించి చెప్పుకోవాలి. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఉండే ఈ నెలను 'పంజ కర్కిటకం' అంటారు. కరువు నెల అని అర్థం. 'కళ్ల కర్కిటకం' అనే పేరు కూడా ఉంది. కళ్ల అంటే దొంగ. ఎండ కాస్తున్నట్టే ఉండి ఉన్నట్టుండి కుండపోత మొదలవుతుంది కాబట్టి ఆ పేరు.

పాత రోజుల్లో ఈ నెలలో కూలీకి పని ఉండేది కాదు. ఇంట్లో పాత బియ్యం అడుగంటేది. పొలంలో పంట ఇంకా పచ్చిగానే ఉండేది. అందుకే ఈ నెల ఆచారాలన్నీ ఒళ్లు కాపాడుకోవడం చుట్టూ తిరుగుతాయి. మెంతులు, జీలకర్ర, ఔషధ మొక్కలు వేసి కాచే 'కర్కిటక కంజి' అనే గంజి తాగుతారు. వంటికి నూనె పట్టించి ఆయుర్వేద చికిత్సలు చేయించుకుంటారు. సాయంత్రం దీపం పెట్టి తుంజత్తు ఎళుత్తచ్చన్ రాసిన అధ్యాత్మ రామాయణం కిళిప్పాట్టు చదువుతారు. దీన్నే రామాయణ మాసం అంటారు. అమావాస్య నాడు ఆలువా, వర్కల, తిరునెల్లి లాంటి చోట్ల వేలాది మంది పితృదేవతలకు బలి తర్పణం వదులుతారు.

ఉత్తర కేరళలో ఇంకో ఆచారం ఉంది. కర్కిటకం మొదలయ్యే ముందు రోజు ఇల్లంతా కడిగి, పాత చాపలు, చీపుళ్లు బయట పారేసి 'చేట్ట'ను, అంటే జ్యేష్ఠాదేవిని, గడప దాటిస్తారు. శ్రీ భగవతిని లోపలికి పిలుస్తారు. కన్నూర్, కాసరగోడ్ వైపు ఆడి, వేడన్ అనే చిన్న తెయ్యాలు ఇంటింటికీ వస్తాయి. వేషం కట్టేది పిల్లలే. ఇల్లాలు చేటలో పెట్టిన బియ్యం, కూరగాయలు తీసుకుని వెళ్తారు. తెయ్యం కట్టే కుటుంబాలకు వానాకాలంలో వేరే ఆదాయం ఉండేది కాదు. ఇంటింటా దొరికే ఆ బియ్యమే వాళ్లకు ఆసరా.

ఈ ఆకలి రోజుల్లోనే 'ఇల్లం నిర' వస్తుంది. ఇల్లం అంటే ఇల్లు, నిర అంటే నిండటం. ముందుగా పండిన వరి కంకులను తెచ్చి ఇంట్లో, గుడిలో కడతారు. శబరిమలలో, గురువాయూర్‌లో ఇప్పటికీ ఇది చేస్తారు. ఆ కొత్త బియ్యంతో వండేది 'పుత్తరి'. పంట వస్తోంది, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి అని చెప్పే పండుగ ఇది.

ఓనం.. పది రోజుల పంట పండుగ

కర్కిటకం వెళ్లి చింగం రాగానే వాన తెరిపిస్తుంది, తొలి పంట చేతికొస్తుంది. ఓనం సరిగ్గా అప్పుడే. హస్తా నక్షత్రం (అత్తం) నుంచి శ్రవణా నక్షత్రం (తిరువోణం) దాకా పది రోజులు. నక్షత్రాన్ని బట్టి వస్తుంది కాబట్టి తేదీ మారుతుంది. 2023లో ఆగస్టు 29న, 2024లో సెప్టెంబర్ 15న, 2025లో సెప్టెంబర్ 5న తిరువోణం వచ్చింది.

కథ మనకు తెలిసిందే. బలి చక్రవర్తి, వామనుడు, మూడు అడుగుల నేల. కానీ మలయాళీలు ఈ కథను బలి వైపు నుంచి చెప్పుకుంటారు. వాళ్లకు ఆయన మావేలి. అబద్ధం, మోసం లేని, మనుషులంతా ఒక్కటే అనుకున్న పాలన ఆయనది. ఏడాదికోసారి తన ప్రజలను చూసుకోవడానికి వస్తాడని నమ్మకం. మన దగ్గర కూడా దీపావళి మర్నాడు బలి పాడ్యమి ఉంది. కాకపోతే మనకది దీపావళి వెనక ఒక చిన్న రోజు. అక్కడ అదే రాష్ట్రమంతటి పండుగ. హిందువులతో పాటు క్రైస్తవులు, ముస్లింలు కూడా ఓనం చేసుకోవడానికి ఈ కథ ఒక కారణం. పంట పండుగ కావడం ఇంకో కారణం.

తొలి రోజు కొచ్చి దగ్గర త్రిపుణిత్తురలో 'అత్తచ్చమయం' ఊరేగింపు జరుగుతుంది. ఒకప్పుడు కొచ్చి రాజు ఊరేగిన వేడుక ఇది. ఆ రోజు నుంచే వాకిట్లో పూల ముగ్గు 'పూక్కళం' మొదలవుతుంది. రోజు రోజుకీ పెద్దది చేస్తారు. పూలు పేర్చడంలో మన బతుకమ్మ గుర్తొస్తుంది. బతుకమ్మను పైకి పేరుస్తాం, పూక్కళాన్ని నేల మీద పరుస్తారు. మధ్యలో మట్టితో చేసిన కోసు ఆకారం 'త్రిక్కాక్కర అప్పన్' ఉంటుంది. త్రిక్కాక్కర వామనమూర్తి గుడి ఉన్న ఊరు. ఇప్పుడది కొచ్చి నగరంలో కలిసిపోయినట్టే ఉంటుంది.

త్రిస్సూర్‌లో ఓనం నాలుగో రోజు పులికళి. ఒంటికి పసుపు, నలుపు రంగులు పూసుకుని, బొజ్జ మీద పులి ముఖం వేయించుకుని మగవాళ్లు వీధుల్లో ఆడతారు. మన పులి వేషాలు చూసినవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

ఓనసద్య.. ఆకులో ఏముంటుంది?

'కాణం విట్టుం ఓణం ఉణ్ణణం' అని మలయాళ సామెత. ఉన్న ఆస్తి అమ్మైనా ఓనం భోజనం తినాల్సిందే అని అర్థం. అరిటాకు కొన తినేవాళ్ల ఎడమ చేతి వైపు ఉండాలి. ఉప్పు, అరటికాయ చిప్స్ (ఉప్పేరి), బెల్లం పట్టించిన చిప్స్ (శర్కర వరట్టి), అల్లం, చింతపండు, బెల్లంతో చేసే ఇంజి కర్రి ముందు పడతాయి. తర్వాత కొబ్బరి, పెరుగుతో అవియల్, కొబ్బరి పాలతో బూడిద గుమ్మడి ఓలన్, కందతో కాళన్, గుమ్మడికాయ, అలసందలతో ఎరిశ్శేరి, తురిమిన కొబ్బరితో తోరన్. అన్నంలోకి ముందు పప్పు, నెయ్యి, ఆ తర్వాత సాంబారు, రసం. చివర్లో పాయసం. బెల్లం, కొబ్బరి పాలతో చేస్తే దాన్ని 'ప్రథమన్' అంటారు. లెక్క ఇంటింటికీ మారుతుంది. 25కి పైగా రకాలు పెట్టేవాళ్లూ ఉన్నారు.

ఇందులో ఎక్కువ భాగం ఇంటి పెరట్లో పండేవే. కొబ్బరి, అరటి, కంద, గుమ్మడి, అలసంద. ఆ సీజన్‌లో ఆ నేల ఏమిచ్చిందో అదే ఆకులోకి వచ్చేది.

పాము పడవల పోటీలు

వానలతో నిండిన నదులు, కాయల్స్‌లో పడవ పందేలు కూడా ఈ సీజన్‌వే. వాటికి 'వళ్లంకళి' అని పేరు. పంపా నదిలో ఆరన్ముళ పందెం ఉత్తరాభాద్ర నక్షత్రం రోజు జరుగుతుంది. ఇది పార్థసారథి గుడికి సంబంధించిన వేడుక. గెలుపు కంటే పాట, భక్తి ముఖ్యం. ఆలప్పుళలోని పున్నమడ కాయల్‌లో జరిగే నెహ్రూ ట్రోఫీ మాత్రం పక్కా పోటీ. 1952లో నెహ్రూ అక్కడికి వచ్చినప్పుడు పడవ పందెం చూసి, ఉత్సాహంగా పడవలోకి ఎక్కేశారు. ఢిల్లీ వెళ్లాక వెండి ట్రోఫీ పంపించారు. ఒక్కో చుండన్ వళ్లంలో దాదాపు వంద మంది తెడ్లు వేస్తారు.

వాన వెనక్కి తగ్గాక.. తెయ్యం, మండలకాలం

కన్నిలో నవరాత్రులు. విజయదశమి నాడు పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారు. బియ్యంలో వేలితో అక్షరం రాయించడం మనలాగే. తిరూర్‌లోని తుంజన్ పరంబుకు చాలామంది పిల్లలను తీసుకొస్తారు.

తులాం 10వ తేదీ నుంచి కన్నూర్, కాసరగోడ్‌లో తెయ్యం సీజన్ మొదలవుతుంది. మళ్లీ వానలు వచ్చే దాకా, అంటే ఎడవం సగం దాకా నడుస్తుంది. తెయ్యం కట్టేది వణ్ణాన్, మలయన్ లాంటి కులాల వాళ్లు. ఒకప్పుడు అగ్రకులాల ఇళ్ల దరిదాపులకు కూడా రానివ్వని వాళ్లు. తెయ్యం కట్టిన ఆ కాసేపు మాత్రం భూస్వామి అయినా చేతులు కట్టుకుని వాళ్ల ముందు నిలబడాల్సిందే.

వృశ్చికం 1 నుంచి శబరిమలలో 41 రోజుల మండలకాలం. తెలుగు రాష్ట్రాల నుంచి ఇరుముడి కట్టుకుని వెళ్లేవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కేరళ పండుగల్లో తెలుగువాళ్లకు బాగా దగ్గరైంది ఇదే.

తిరువాతిర.. అన్నం ముట్టని ఆడవాళ్ల పండుగ

ధను నెలలో, డిసెంబర్, జనవరిల మధ్య ఆరుద్ర నక్షత్రం రోజున తిరువాతిర. శివుడి జన్మ నక్షత్రం అని నమ్మకం. ఆడవాళ్లు తెల్లవారుజామునే చల్లటి నీళ్లలో స్నానం చేసి, ఉయ్యాలలూగి, రాత్రి దీపం చుట్టూ వలయంగా చప్పట్లు కొడుతూ ఆడతారు. అదే తిరువాతిరకళి.

ఆ రోజు వాళ్లు అన్నం తినరు. కంద, పెండలం, చామదుంపలతో చేసిన 'పుళుక్కు', కూవ పిండి పాయసం తింటారు. ముందు రోజు మృగశిర నాడు దుంపలు కాల్చి బెల్లం పాకంలో కలిపి 'ఎట్టంగాడి' చేస్తారు. అన్నం ఎందుకు వద్దంటారు? వ్రతం అనేది ఒక జవాబు. ఆ నెలలో దుంపలు తవ్వే కాలం అనేది కూడా గుర్తుపెట్టుకోవాలి.

భూమికి సెలవు.. లక్షల పొయ్యిలు

మకరం నెల చివర్లో పాలక్కాడ్, వళ్లువనాడ్ ప్రాంతాల్లో 'ఉచ్చారల్' పాటిస్తారు. ఆ మూడు రోజులు భూమాతకు నెలసరి అని నమ్మకం. దున్నరు, తవ్వరు. పంట కోత అయ్యాక నేలకు విశ్రాంతి ఇవ్వడం అన్నమాట.

కుంభంలో తిరువనంతపురంలో ఆట్టుకాల్ పొంగాల. మన బోనాలకు ఇంట్లో వండి గుడికి తీసుకెళ్తాం. ఇక్కడ మాత్రం గుడి చుట్టూ కిలోమీటర్ల కొద్దీ రోడ్ల మీదే ఇటుకలు పేర్చి, కొత్త కుండల్లో బియ్యం, బెల్లం, కొబ్బరి వేసి వండుతారు. వండేవాళ్లంతా ఆడవాళ్లే. 2009లో 25 లక్షల మంది పాల్గొన్నారని గిన్నిస్ రికార్డు నమోదైంది.

రైతులకు ఈ నెలలో ఇంకో పని ఉంది, కంద నాటడం. కుంభంలో నాటితే కుండంత, మీనంలో నాటితే చేప కన్నంత అని అక్కడ పెద్దలు చెబుతారు. ఒక్క నెల ఆలస్యమైతే అంత తేడా అని.

విషు.. కళ్లు తెరవగానే పంట

మేడం 1, అంటే ఏప్రిల్ 14 లేదా 15న విషు. తమిళుల పుత్తాండు, అస్సాం బిహు, పంజాబ్ బైసాఖీ కూడా అదే సమయంలో వస్తాయి. చింగం అధికారికంగా కొత్త ఏడాది అయితే, మేడం రాశిచక్రం ప్రకారం, సాగు ప్రకారం మొదలు.

ముందు రాత్రి ఇంట్లో పెద్దావిడ 'విషుక్కణి' సిద్ధం చేస్తుంది. కంచు ఉరుళిలో బియ్యం, పసుపు పచ్చ దోసకాయ, కొబ్బరికాయ, పండ్లు, అద్దం, బంగారం, నాణేలు, కొత్త బట్ట, పక్కన కృష్ణుడి విగ్రహం, దీపం. వీటి మీద కణిక్కొన్న పూల గుత్తులు. మనం రేల పూలు అంటామే, అవే. కేరళ రాష్ట్ర పుష్పం కూడా ఇదే. తెల్లవారకముందే పిల్లల కళ్లు మూసి తీసుకొచ్చి దాని ముందు తెరిపిస్తారు. ఏడాదిలో మొదట చూసేది నిండుగా ఉండాలని. తర్వాత పెద్దలు పిల్లల చేతిలో డబ్బులు పెడతారు. దాన్ని 'విషుక్కైనీట్టం' అంటారు.

అదే రోజు రైతులు తొలి చాలు దున్నేవాళ్లు. దాని పేరు 'విషుచ్చాల్'. మన ఏరువాక లాంటిదే. కాకపోతే మనం జ్యేష్ఠ పౌర్ణమి దాకా ఆగుతాం. కేరళకు వాన ముందు వస్తుంది కాబట్టి పనీ ముందే. మేడం 10 'పత్తాముదయం' విత్తనాలు వేయడానికి మంచి రోజని నమ్మకం.

ఈ నెలలోనే త్రిస్సూర్ పూరం. 18వ శతాబ్దం చివర్లో కొచ్చి రాజు శక్తన్ తంబురాన్ మొదలుపెట్టారు. వాన వల్ల ఆలస్యంగా చేరిన కొన్ని గుళ్ల వాళ్లను ఆరాట్టుపుళ పూరంలోకి రానివ్వలేదని, వాళ్ల కోసం వడక్కునాథన్ గుడి ముందు కొత్త పూరం పెట్టారని చెబుతారు. పారమేక్కావు, తిరువంబాడి జట్లు చెరో 15 ఏనుగులతో ఎదురెదురుగా నిలబడి పోటాపోటీగా గొడుగులు మార్చే 'కుడమాట్టం' వీడియోలు ఏటా వైరల్ అవుతాయి.

వాళ్ల ఞాట్టువేల.. మన కార్తె

తెలుగు రైతులకు ఆరుద్ర కార్తె, మృగశిర కార్తె తెలుసు. కేరళ రైతులకు ఇదే లెక్క 'ఞాట్టువేల'. ఏడాదికి 27, ఒక్కోటి 13, 14 రోజులు. జూన్ నాలుగో వారంలో మొదలయ్యే మన ఆరుద్ర కార్తె వాళ్లకు తిరువాతిర ఞాట్టువేల. ఏ కొమ్మ గుచ్చినా వేరు పట్టే రోజులని పేరు. మిరియం తీగలు నాటేది అప్పుడే. పోర్చుగీసువాళ్లు మిరియం మొక్కలు పట్టుకెళ్తున్నారని కోళిక్కోడ్ రాజు సామూతిరికి చెబితే, 'మొక్కలు తీసుకెళ్తారేమో, మన తిరువాతిర ఞాట్టువేలను తీసుకెళ్లలేరు కదా' అన్నారని ఒక కథ ఇప్పటికీ చెప్పుకుంటారు.

పొలం తగ్గింది.. మరి పండుగ?

అసలు ప్రశ్న ఇక్కడే. 1974-75లో కేరళలో 8.8 లక్షల హెక్టార్లలో వరి ఉండేది. ఇప్పుడది 2 లక్షల హెక్టార్ల దగ్గర ఉంది. కూలీ ఖర్చు పెరిగింది, గల్ఫ్ వలసలు వచ్చాయి, పొలాలు కొబ్బరి, రబ్బరు తోటలయ్యాయి, ఇళ్ల స్థలాలయ్యాయి. 2008లో వరి పొలాలు, తడి నేలల సంరక్షణకు ప్రత్యేక చట్టం తెచ్చారు. పాలక్కాడ్‌లో, సముద్ర మట్టం కంటే కింద సాగు చేసే కుట్టనాడ్‌లో వరి ఇంకా గట్టిగా నిలబడింది.

మిగతా బియ్యం బయటి నుంచే రావాలి. అందులో ఏపీ వాటా పెద్దది. మలయాళీలు ఇష్టపడే లావు గింజ 'జయ' రకం అక్కడి మార్కెట్‌లో ఆంధ్రా బియ్యంగానే తెలుసు. ఆ రకాన్ని 1968లో విడుదల చేసింది హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన వరి పరిశోధన పథకమే. 2022లో జయ బియ్యం ధర పెరిగితే కేరళ ప్రభుత్వం సరఫరా కోసం ఏపీ ప్రభుత్వంతో చర్చలు జరిపింది. అంటే చాలా ఇళ్లలో ఓనం ఆకులో పడే అన్నం గోదావరి నీళ్లతో పండిందే కావచ్చు.

పూక్కళం పూలదీ అదే కథ. ఒకప్పుడు పిల్లలు పొద్దున్నే గట్ల మీద తుంబ (తుమ్మి పూలు) లాంటి పూలు ఏరుకొచ్చేవాళ్లు. ఇప్పుడు తమిళనాడులోని తోవాళ, కర్ణాటకలోని గుండ్లుపేట నుంచి లారీల్లో బంతిపూలు వస్తాయి. విషుకు పూయాల్సిన కొన్న, ఎండలు ముదిరి ముందే పూసి రాలిపోతోందని కూడా చాలామంది అంటున్నారు. బజారులో ప్లాస్టిక్ కొన్న పూలు అమ్ముతున్నారు.

వాన కూడా మునుపటిలా లేదు. 2018 ఆగస్టు వరదల్లో 400 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది ఆగస్టు 25న తిరువోణం. ఎంతోమంది సహాయ శిబిరాల్లోనే ఆ రోజు గడిపారు. ప్రభుత్వం అధికారిక వేడుకలు రద్దు చేసింది. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక కూడా ఓనం వారోత్సవాలు ఆపేశారు. నెహ్రూ ట్రోఫీ సెప్టెంబర్ 28కి వాయిదా పడింది. పంట తెచ్చే వానే పండుగను ఆపేసింది.

అయినా ఊరుకోవడం లేదు. 1998లో మొదలైన మహిళా సంఘాల వ్యవస్థ కుటుంబశ్రీ, ఓనం కోసమే బంతి తోటలు, కూరగాయలు వేయిస్తోంది. పూల పథకానికి 'నిరప్పొలిమ', కూరగాయలకు 'ఓనక్కని' అని పేర్లు పెట్టింది. కొన్ని చోట్ల బీడు పడిన పొలాల్ని స్కూళ్లు, పంచాయతీలు మళ్లీ దున్నిస్తున్నాయి. శబరిమల, గురువాయూర్‌లో నిర పుత్తరికి ఏటా పచ్చి కంకులు కావాలి. ఆ కంకుల కోసమైనా ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట వరి వేయాల్సిందే.

ఒక్క చూపులో

• కర్కిటకం (జూలై-ఆగస్టు): రామాయణ మాసం, ఔషధ గంజి, బలి తర్పణం, ఇల్లం నిర
• చింగం (ఆగస్టు-సెప్టెంబర్): కొత్త ఏడాది, ఓనం, పడవ పందేలు
• కన్ని (సెప్టెంబర్-అక్టోబర్): నవరాత్రులు, అక్షరాభ్యాసం
• తులాం (అక్టోబర్-నవంబర్): తెయ్యం సీజన్ మొదలు
• వృశ్చికం (నవంబర్-డిసెంబర్): శబరిమల మండలకాలం
• ధను (డిసెంబర్-జనవరి): తిరువాతిర
• మకరం (జనవరి-ఫిబ్రవరి): మకరవిళక్కు, ఉచ్చారల్
• కుంభం (ఫిబ్రవరి-మార్చి): ఆట్టుకాల్ పొంగాల, కంద నాటడం
• మీనం (మార్చి-ఏప్రిల్): కొడుంగల్లూర్ భరణి, కుట్టనాడ్ పుంజ కోతలు
• మేడం (ఏప్రిల్-మే): విషు, పత్తాముదయం, త్రిస్సూర్ పూరం
• ఎడవం (మే-జూన్): తెయ్యం సీజన్ ముగింపు, నైరుతి వాన రాక
• మిథునం (జూన్-జూలై): తిరువాతిర ఞాట్టువేల, మిరియం తీగలు నాటడం